ఆడుదుప్పిని కాల్చరాదను నియమము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దుప్పులను బ్రతికించిన నియమ మొకటి కొంతకాలమునకు ఆ దుప్పులకే కీడైన చరిత్రను నేడు మీకు విన్నవింతును.

అచ్చటి తెల్లతోక దుప్పి మన చుక్కలదుప్పికి దాయాది. మన ఇఱ్ఱి కొమ్ములు రాలవు. దుప్పిజాతి మగదాని కొమ్ములు ఏటేట రాలి, వయస్సును మేతను బట్టి మరల పెరుగును. ఈ భేదమును గుర్తుంచుకొనుడు.

పందొమ్మిదవ శతాబ్దాంతమునకు, అంగళ్లకు మాంసమును తోళ్లను పంపు వేటకాండ్ర చేత ఈ మృగము పెక్కు తావుల రూపుమాసెను. పెన్సిల్వేనియావారు 1906లో మిచిగన్ నుండి దుప్పులను దెప్పించి యడవులలో విడిచిరి. 1907లో కొమ్ములుగల మగదానిని దక్క కాల్చరాదని శాసించిరి. ఆడుది దక్కినచో మంద దక్కునని వారి లెక్క. లెక్క తప్పలేదు. ఒక్క మగదుప్పి పెక్కు ఆడువాటికి చాలును. మేతగల చోట ఆడుది ఏటేట రెండేసి కూనల నీనును. తోడేళ్లును ప్యూమాలును అంతకు మునుపే హతమైనవి. కలపకై నరికిన నేలలలో మొలచిన లేతచిగుళ్లు నోటికందు నెత్తుననే యుండెను.

ఇరువదియేండ్లలో మందలు మేతను మించెను. చలికాలమున కూనలు ఆకలిచే చచ్చెను. క్రొత్తచెట్టు తలయెత్తుట కష్టమాయెను. 1928లో ప్రభుత్వము, ఆ యేడు మగదానిని విడిచి కొమ్ములు లేనివానినే వేటాడవలెనని యాజ్ఞాపించెను. వేటకాండ్రు మండిపడిరి. నిన్నటిదాక పాపమన్న పని నేడు పుణ్యమెట్లగును? దీనిని మూఢత్వమని నేను త్రోసివేయజాలను. తండ్రులు కడుపుకట్టుకొని కాపాడిన నియమమది.

దక్షిణ రాష్ట్రములలో ఈ చిక్కు మఱియొక రూపము దాల్చెను. అచ్చట కాగితపు కంపెనీలు విశాలమైన పైనుతోటలు పెంచి, వేటహక్కును మాత్రము ఎకరమున కింతయని వేటసంఘములకు గుత్తకిచ్చెడివి. చెట్టు కంపెనీది, వేట గుత్తదారునిది. దుప్పి మాత్రము చట్టము దృష్టిలో ప్రజలందఱిది. సొమ్ము చెల్లించినవాడు కంటబడిన కొమ్ములనెల్ల కొట్టి, ఆడువాటిని విడుచుచుండెను. కొన్నేండ్లకు ఏడాదిన్నర మగదుప్పులే మిగిలినవి; ఆడువి పెచ్చుపెరిగినవి.

1975లో టెక్ససునకు జెందిన ఆల్ బ్రదర్స్, మర్ఫీ రే యనువారు, ఆడువాటిని తగినన్ని తీసి, లేబ్రాయపు మగవానిని పెరుగనిండని యొక గ్రంథమున బోధించిరి. 1988లో సౌత్ కెరొలైనాలో జో హామిల్టన్ ఈ పద్ధతికై సంఘము స్థాపించెను. గుత్తసంఘములవారు చంపిన ప్రతి మృగమును తూచి, క్రిందిదవుడ పండ్ల యరుగుదలనుబట్టి వయస్సు కట్టి, పుస్తకమున కెక్కింప నేర్చిరి. ఆ దవుడలెక్కను 1949లో న్యూయార్కువాడగు సెవరింగ్‌హౌస్ వివరించియుండెను. ఏడాదిన్నర దుప్పి బరువు ఏటేట తగ్గుచున్నదన్న, మేత చాలకున్నదని యర్థము. అప్పుడు మఱికొన్ని ఆడువాటిని తీయవలెను.

నాకు మిక్కిలి క్లిష్టముగా దోచునది గుత్తగడువు. పలుచోట్ల అది యొక్క యేడే. మగదుప్పి కొమ్ములు నిండుగా పెరుగుటకు నాలుగైదేండ్లు కావలెను. నేడు తుపాకి దించినవాడు, అప్పటికి ఆ నేల తనకే యుండునని నమ్మవలెను. 1990 తరువాత కాగితపు కంపెనీలు తమ యడవులను పెట్టుబడిదార్లకు అమ్మివేయగా ఆ నమ్మకమును నిలుపుకొనుట మఱింత దుర్లభమాయెను. అదియునుగాక, దుప్పికి గుత్తపుటెల్లలు తెలియవు. ఇచ్చట విడిచినది ఎల్ల దాటి పొరుగు గుత్తవాని తుపాకికి చిక్కును. పెన్సిల్వేనియా ప్రభుత్వము 2002లో, ఒక కొమ్మునకు మూడు కొనలైన లేని మగదుప్పిని, కొన్ని తావుల నాలుగైన లేనిదానిని, పెద్దలగు వేటకాండ్రు కాల్చరాదని శాసించెను. ఆ శాసనము పొరుగువానికిని వర్తించునది.