సొంత కారులో అడవిలోకి: క్రూగర్ పార్కు నూరేళ్ల దారి

దక్షిణాఫ్రికాలో శీతకాలపు సెలవులు రాగానే జొహన్నెస్‌బర్గ్, ప్రిటోరియా నగరాల నుంచి తూర్పుకు పోయే రోడ్ల మీద కార్లు బారులు తీరుతాయి. డిక్కీలో దుప్పట్లు, తిండి సామాన్లు, బొగ్గుల బస్తా. వెనక సీట్లో పిల్లలు, వాళ్ల చేతుల్లో బైనాక్యులర్లు, జంతువుల బొమ్మల పుస్తకాలు. చాలామంది గమ్యం క్రూగర్ జాతీయ పార్కు. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 360 కిలోమీటర్ల పొడవు, దాదాపు 19,500 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం ఉన్న అడవి అది. అక్కడ జీపు అద్దెకు తీసుకోవాలన్న నిబంధన లేదు, గైడు తప్పనిసరి కాదు. గేటు దగ్గర రుసుము కట్టి, సొంత కారులోనే సింహాల మధ్యకు వెళ్లవచ్చు. ఈ వెసులుబాటు లేకపోతే ఆ అడవి ఈనాటికి మిగిలేది కాదేమో. దాని చరిత్ర చదివితే ఆ సంగతి అర్థమవుతుంది. ఆ కారులో కూర్చునే హక్కు అందరికీ ఒకేసారి రాలేదన్న సంగతీ ఆ చరిత్రలోనే ఉంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఆ ప్రాంతం వేటగాళ్లది. దంతాల కోసం ఏనుగులను, తోళ్ల కోసం జింకలను లెక్కాపత్రం లేకుండా చంపారు. 1896లో వచ్చిన పశువుల మహమ్మారి రిండర్‌పెస్ట్ అడవి దున్నలను ఊడ్చిపెట్టింది. 1898లో ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్ ప్రభుత్వం సాబీ, క్రొకడైల్ నదుల మధ్య భూమిని సాబీ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. మరుసటి ఏడాదే బ్రిటన్‌తో బోయర్ యుద్ధం మొదలై ఆ ప్రకటన కాగితం మీదే ఉండిపోయింది. యుద్ధం ముగిశాక, 1902లో, స్కాట్లండుకు చెందిన సైనికాధికారి జేమ్స్ స్టీవెన్సన్-హామిల్టన్ వార్డెన్‌గా వచ్చాడు. 1946 దాకా, మొదటి ప్రపంచ యుద్ధ కాలం మినహా, ఆ అడవే ఆయన లోకం. ఆయన వేటను అణిచాడు. దాంతోపాటు తరతరాలుగా అక్కడ బతుకుతున్న త్సోంగా కుటుంబాలను వేల సంఖ్యలో బయటికి పంపించాడు. అడవిని కాపాడటం, మనుషులను వెళ్లగొట్టడం ఒకే చేతితో జరిగాయి. ఈ రెండింటినీ విడదీసి ఆ చరిత్ర రాయలేం.

తొలి ఇరవై ఏళ్లలో చూడటానికి వచ్చినవాళ్లు దాదాపు లేరు. ఆ లోటే అడవికి పెద్ద ప్రమాదమైంది. శీతకాలపు మేత కోసం గొర్రెల పెంపకందార్లు, ఖనిజాల కోసం గనుల కంపెనీలు ఆ భూమి మీద కన్నేశాయి. ప్రజలెవరూ కళ్లారా చూడని జంతువుల కోసం ఇంత నేల ఎందుకని వాళ్లు అడిగితే జవాబు చెప్పడం కష్టం. జనాన్ని రప్పిస్తే తప్ప ఈ నేల నిలవదని స్టీవెన్సన్-హామిల్టన్ గ్రహించాడు. దారి రైల్వే వాళ్లు చూపించారు. 1923లో దక్షిణాఫ్రికా రైల్వే ‘రౌండ్ ఇన్ నైన్’ పేరుతో తొమ్మిది రోజుల విహారయాత్ర మొదలుపెట్టింది. సెలాటి లైను మీదుగా పోయే ఆ రైలు సాబీ అడవిలో ఆగేది. యాత్ర మొత్తంలో ప్రయాణికులకు ఎక్కువగా నచ్చింది ఆ మజిలీయే. ఇలా పుట్టిన ఆసక్తి రాజకీయ బలంగా మారింది. 1926లో పార్లమెంటు జాతీయ పార్కుల చట్టం చేసి, సాబీ, షింగ్వెడ్జి ప్రాంతాలను కలిపి క్రూగర్ పేరు పెట్టింది.

1927లో కార్లకు గేటు తెరిచారు. రుసుము కారుకు ఒక పౌండు. ఆ ఏడాది వచ్చినవి మూడే కార్లు. 1928లో 180, 1929లో 850 వచ్చాయి. మలేరియా భయంతో మొదట్లో శీతకాలంలోనే అనుమతి ఉండేది. సాబీ నది మీద వంతెన లేక, కార్లను పంటు మీద దాటించేవారు. రాత్రి బసకు గడ్డి కప్పుల గుండ్రటి గుడిసెలు కట్టారు. ప్రిటోరియస్‌కాప్, సటారా, లెటాబా వంటి శిబిరాలు పెరిగాయి. 1950ల మధ్యకల్లా ఏటా లక్షమంది రాసాగారు. పార్కుకు ఇంతమంది సాక్షులు ఉన్నప్పుడు గనుల కోసం దాన్ని అడగడం ఏ మంత్రికీ అంత తేలిక కాదు.

కారులో వచ్చే మనిషికి అడవి మర్యాద నేర్పడానికి నియమాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. సింహాలు కారును పట్టించుకోవు, అందులోంచి దిగిన మనిషిని మాత్రం వెంటనే పసిగడతాయి. అందుకే శిబిరాలు, నిర్ణీత విడిది చోట్లలో తప్ప కారు దిగకూడదు. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. చీకటి పడేలోగా శిబిరం గేటు చేరాలి. ఇవి భద్రత కోసం పెట్టినవే అయినా, చూపుకు కూడా శిక్షణ ఇచ్చాయి. నెమ్మదిగా పోయే కారులో పిల్లలు చెట్టు కొమ్మ మీద చిరుత తోకను, పొదల వెనక ఏనుగు చెవిని వెతకడం నేర్చుకుంటారు. శిబిరాల్లో ఎక్కడ ఏ జంతువు కనిపించిందో రంగు గుర్తులతో చూపే పటాలు ఉంటాయి. ఒక కుటుంబం చూసినదాన్ని మరో కుటుంబానికి అందించే సంప్రదాయం అది.

కానీ ఆ కార్లలో కూర్చున్నది ఎవరు? చాలా దశాబ్దాలపాటు ప్రధానంగా తెల్లవాళ్లే. నల్లజాతివారు పార్కులో రేంజర్లుగా, వంటవాళ్లుగా, రోడ్డు కూలీలుగా ఉన్నారు. అతిథులుగా వచ్చినవారికి వర్ణవివక్ష రోజుల్లో దక్కింది బలూలే శిబిరం వంటి కొద్దిపాటి వసతే. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నాటాల్ చెరకు తోటలకు చేరిన కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. ‘ఇండియన్లు’గా ముద్రపడిన వారి సంతతి కూడా ఈ విభజనకు లోబడే బతికింది. ఇన్ని అడ్డంకుల మధ్య కూడా నల్లజాతివారు, భారతీయులు క్రూగర్‌కు వెళ్లారని చరిత్రకారుడు జేకబ్ ద్లమిని ‘సఫారీ నేషన్’ పుస్తకంలో చూపించారు. అడవి మీద ప్రేమ తెల్లవాళ్ల సొత్తన్న అపోహను ఆ పుస్తకం తుడిచేసింది.

తరిమివేత కూడా తొలినాళ్లతో ఆగలేదు. 1969లో ఉత్తరాన పఫూరి ప్రాంతం నుంచి మకులెకె ప్రజలను బలవంతంగా లేపి, ఆ భూమిని పార్కులో కలిపారు. ప్రజాస్వామ్యం వచ్చాక వారు భూమి కోసం పోరాడి 1998లో యాజమాన్యం తిరిగి పొందారు. మళ్లీ అక్కడ దున్నకుండా, దాన్ని పార్కులో భాగంగానే ఉంచి, పర్యాటకం మీద వచ్చే ఆదాయంలో తమ హక్కు నిలుపుకున్నారు. అడవిని కోల్పోయినవారే దానికి హామీదార్లయ్యారు. క్రూగర్ చరిత్రలో ఇంతకన్నా గొప్ప ఘట్టం నాకు కనిపించదు.

ఆ తర్వాతి అధ్యాయాలు ఇంకా సాగుతున్నాయి. 2002లో దక్షిణాఫ్రికా, మొజాంబిక్, జింబాబ్వే కలిసి సరిహద్దులు దాటే మహా లింపోపో పార్కుకు ఒప్పందం చేసుకున్నాయి. 2007లో ఒక పర్యాటకుడు యూట్యూబ్‌లో పెట్టిన క్రూగర్ వీడియోలో సింహాల గుంపు, మొసలి పట్టుకున్న దున్నదూడను మంద తిరగబడి విడిపించుకోవడం కోట్లమంది చూశారు. అదే పార్కులో కొమ్ముల కోసం ఖడ్గమృగాలను చంపే ముఠాలతో నిత్యపోరాటమూ నడుస్తోంది.

ఆ పోరాటం తుపాకులతోనే ముగియదు. 1920లలో నగరాల కుటుంబాలు వచ్చి చూశాయి కాబట్టే అడవికి అండ దొరికింది. ఇప్పుడు ఆ అండ కంచె పక్క ఊళ్ల నుంచి రావాలి. రాత్రి సింహం గర్జన వింటూ, తెల్లారి దాని వల్ల పశువును పోగొట్టుకునే కుటుంబాల్లో పిల్లలు ఒక్కసారైనా ఆ గేటు దాటి, ఆ సింహాన్ని తమదిగా చూడగలగాలి. 2006 నుంచి ఏటా దక్షిణాఫ్రికా పౌరులకు జాతీయ పార్కుల్లో ఉచిత ప్రవేశ వారం పాటించడం మంచి ఆరంభమే. అయితే కారు లేని కుటుంబానికి ఉచిత టికెట్ ఒక్కటే చాలదు. అక్కడి దాకా తీసుకెళ్లే బస్సు కూడా కావాలి. ఆ బస్సుకయ్యే ఖర్చును అడవి రక్షణ ఖర్చులోనే రాసుకోవాలి.