ఆనకట్ట వెనక మనిషి

మా నల్లజర్ల మెట్ట ఊరు. తాడేపల్లిగూడెం వైపు దిగితే చాలు, కాలువలు, పచ్చటి చేలు! అవి చూసి అందరూ కాటన్ దొరకి దణ్ణం పెడతారు. నాకు మాత్రం వీణెం వీరన్నగారు గుర్తొస్తారు.

1847లో ధవళేశ్వరం ఆనకట్టకి పదివేలమంది కూలీలను కూడగట్టి పని నడిపించింది ఆయనే. వందమంది వచ్చే పెళ్ళికే మనం తలమునకలైపోతామే, అంతమందిని అయిదేళ్ళు సంబాళించడమంటే మాటలా? 1852కి ఆనకట్ట నిలబడింది.

రాయి పేర్చడం ఒక చదువైతే, మనుషుల్ని కూర్చడం ఇంకో చదువు. కట్టుబడి పనులు నేర్పడానికి హైదరాబాదులో 1998లో న్యాక్ అనే సంస్థే పెట్టారు. వీరన్నగారి కూలీలకు గోదావరి ఇసుకే పలక.

కాటన్‌కి విగ్రహాలున్నాయి. వీరన్నగారికి పేరైనా మిగిలింది. తట్టలు మోసినవాళ్ళకో? మన కంచంలో అన్నం మెతుకే గుర్తు!