పాలు, చెరకు రసం, పాకం: కొలిచే ముందు పరికరాన్ని నీళ్లలో పరీక్షించుకోండి

పాల కేంద్రంలో లాక్టోమీటరు, చెరకు తోటలో బ్రిక్స్ మీటరు, బెల్లం పెనం దగ్గర థర్మామీటరు. ఈ మూడింటి మీదా మీకు వచ్చే డబ్బు ఆధారపడి ఉంటుంది. పరికరం చూపే అంకె తప్పయితే మంచి సరుకు కూడా నాసిరకం లెక్కలోకి పోతుంది. ఆ అంకె సరైనదో కాదో తెలుసుకోవడానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. చాలా వరకు శుభ్రమైన నీళ్లు చాలు. ఎలా పరీక్షించాలో, ఎక్కడ పొరపడే అవకాశం ఉందో కింద వివరిస్తున్నాం.

నీళ్లనే ఎందుకు ప్రమాణంగా తీసుకుంటారు?

స్వచ్ఛమైన నీళ్లు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక మిల్లీలీటరు నీళ్ల బరువు ఒక గ్రాము. సముద్ర మట్టం వద్ద నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి, 0 డిగ్రీలకు గడ్డకడతాయి. అందుకే మిగతా ద్రవాలను నీళ్లతో పోల్చి కొలుస్తారు. పాల సాంద్రత 1.030 అంటే అంతే పరిమాణం నీళ్ల కంటే సుమారు 3 శాతం బరువు ఎక్కువని అర్థం. లాక్టోమీటరు మీద దీన్నే 30 అని చదువుతాం. ముందున్న 1.0 వదిలేసి చివరి రెండంకెలే తీసుకుంటామన్న మాట.

సాధారణంగా ఆవు పాలు 28 నుంచి 30 వరకు, గేదె పాలు 30 నుంచి 32 వరకు చూపుతాయి. లాక్టోమీటరు రకాన్ని బట్టి, పశువును బట్టి, మేతను బట్టి, ఈనిన కాలాన్ని బట్టి కొంత తేడా వస్తుంది.

ఒక్క పాయింటు తేడాతో ఎంత నష్టం?

పాల ధర వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘన పదార్థాలు) అనే రెండింటి మీద ఆధారపడుతుంది. లాక్టోమీటరుతో ఎస్ఎన్ఎఫ్ కట్టడానికి, 27 డిగ్రీల లాక్టోమీటరుకు మన దేశంలో ఎక్కువగా వాడే సూత్రం ఇది:

ఎస్ఎన్ఎఫ్ = (లాక్టోమీటరు రీడింగ్ ÷ 4) + (0.25 × వెన్న శాతం) + 0.44

చివరి అంకె డెయిరీని బట్టి మారవచ్చు. మీ కేంద్రంలో ఏ అంకె వాడుతున్నారో అడిగి రాసుకోండి.

మీ గేదె పాలలో వెన్న 6 శాతం, రీడింగ్ 29 అనుకుందాం. 7.25 + 1.50 + 0.44 = 9.19 వస్తుంది. అదే పాలకు రీడింగ్ 28 అని రాస్తే 7.00 + 1.50 + 0.44 = 8.94 అవుతుంది. గేదె పాలకు ఉండాల్సిన ఎస్ఎన్ఎఫ్ 9.0 శాతం. అంటే పాలలో చుక్క నీళ్లు కలపకపోయినా, రీడింగ్‌లో ఒక్క పాయింటు తేడా వస్తే మీ పాలు ప్రమాణానికి తక్కువని తేలుతాయి. ఒక్క పాయింటుకు 0.25 శాతం ఎస్ఎన్ఎఫ్ పోతుందని గుర్తుంచుకోండి.

లాక్టోమీటరును నీళ్లలో పరీక్షించే విధానం

1. ముందుగా కాడ మీద ఏ వేడికి తయారు చేశారో చూడండి. కొన్ని 27 డిగ్రీల సెల్సియస్‌కు, కొన్ని 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కు (15.6 డిగ్రీల సెల్సియస్), మరికొన్ని 84 డిగ్రీల ఫారన్‌హీట్‌కు (సుమారు 29 డిగ్రీల సెల్సియస్) ఉంటాయి.

2. బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. దొరకకపోతే ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు వాడవచ్చు. బోరు నీళ్లు వద్దు. లీటరుకు ఒక గ్రాము లవణాలు కరిగి ఉన్న నీళ్లలో లాక్టోమీటరు దాదాపు ముప్పావు పాయింటు ఎక్కువ చూపుతుంది. ఉప్పు బోర్లున్న ఊళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ.

3. లాక్టోమీటరును సబ్బు నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడవండి. కాడకు జిడ్డు ఉంటే రీడింగ్ తప్పుతుంది.

4. పొడవాటి జాడీలో నీళ్లు నింపి, కాడ మీద రాసి ఉన్న వేడికి తీసుకురండి. 60 డిగ్రీల ఫారన్‌హీట్ రకమైతే జాడీని ఐసు నీళ్లలో ఉంచి చల్లబరచాలి. ఐసు ముక్కలు జాడీలో వేయవద్దు.

5. లాక్టోమీటరును మెల్లగా వదలండి. అంచులకు తగలకుండా నిలిచాక, కళ్లను నీటి మట్టానికి సమానంగా ఉంచి చదవండి.

60 డిగ్రీల ఫారన్‌హీట్ రకాలు, నీళ్ల గుర్తు ఉన్న సాదా లాక్టోమీటర్లు ఆ వేడి దగ్గర సున్నా వద్దో, నీళ్ల గుర్తు వద్దో నిలవాలి. అర పాయింటు లోపు తేడాను పట్టించుకోనక్కర్లేదు. ఒక పాయింటు, అంతకు మించి తేడా ఉంటే ఆ పరికరం పక్కన పెట్టండి.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. 27 డిగ్రీలకు గ్రాము/మిల్లీలీటరు లెక్కన గీతలు గీసిన లాక్టోమీటరు అదే వేడి నీళ్లలో సున్నా కంటే సుమారు మూడున్నర పాయింట్లు కిందికి దిగుతుంది. 27 డిగ్రీల వద్ద నీళ్ల సాంద్రత 0.9965 మాత్రమే కాబట్టి ఇది సహజం, పరికరం లోపం కాదు. అలాగే స్కేలు 15 నుంచో 20 నుంచో మొదలయ్యే లాక్టోమీటరు నీళ్లలో పూర్తిగా మునుగుతుంది. ఇలాంటి వాటిని నీళ్లలో తేల్చలేం. డెయిరీ ల్యాబ్‌లో సరిచూసిన లాక్టోమీటరుతో పాటు ఒకే పాలలో పెట్టి, రెండూ ఒకే అంకె చూపుతున్నాయా అని చూడమని అడగండి.

పాలను కొలిచేటప్పుడు జాగ్రత్తలు

వేడి పెరిగితే పాలు పలచబడి లాక్టోమీటరు ఎక్కువగా మునుగుతుంది, రీడింగ్ తగ్గుతుంది. పాలు చల్లగా ఉంటే రీడింగ్ పెరుగుతుంది. సాధారణంగా వాడే లెక్క ప్రకారం కాడ మీద రాసిన వేడి కంటే ఒక్కో సెల్సియస్ డిగ్రీ ఎక్కువకు సుమారు 0.2 పాయింటు కలపాలి, తక్కువైతే తీసివేయాలి. 5 డిగ్రీలు వేడిగా ఉన్న పాలకు దిద్దుబాటు చేయకపోతే మీకు ఒక పాయింటు, అంటే 0.25 శాతం ఎస్ఎన్ఎఫ్ నష్టం. ఈ లెక్క కొద్ది డిగ్రీల తేడాకే పనికొస్తుంది. అప్పుడే పితికిన గోరువెచ్చని పాలకు దీన్ని వాడకుండా, పాలను చల్లార్చి కొలవడమే మేలు.

అప్పుడే పితికిన పాలలో గాలి బుడగలు కూడా ఉంటాయి. అందువల్ల అసలు కంటే తక్కువ రీడింగ్ వస్తుంది. కనీసం ఒక గంట ఆగి, నురగ తీసి, పాలను నిదానంగా కలిపి కొలవాలి. పాలు తెల్లగా ఉండి లోపల కనబడవు కాబట్టి కాడను అంటుకున్న అంచు పైభాగం దగ్గర చదవాలి.

నీళ్లు కలిపిన పాలు ఎలా తెలుస్తాయి?

నీళ్ల రీడింగ్ సున్నా దగ్గర ఉంటుంది కాబట్టి, కలిపిన కొద్దీ పాల రీడింగ్ దాని వైపు దిగుతుంది. 30 చూపే పాలు 90 లీటర్లలో 10 లీటర్ల నీళ్లు కలిస్తే రీడింగ్ సుమారు మూడు పాయింట్లు తగ్గుతుంది. అయితే రీడింగ్ ఒక్కటే చూసి నీళ్లు కలిపారని తేల్చకూడదు. వెన్న నీళ్ల కంటే తేలిక. వెన్న తీసేస్తే రీడింగ్ పెరుగుతుంది, ఆ తర్వాత నీళ్లు కలిపితే మళ్లీ మామూలు అంకెకే వస్తుంది. చక్కెర, ఉప్పు, యూరియా కలిపినా రీడింగ్ పెరుగుతుంది. అందుకే వెన్న పరీక్ష కూడా తప్పనిసరి.

ల్యాబుల్లో దీనికి నీళ్లతోనే ఇంకో పోలిక చేస్తారు. నీళ్లు 0 డిగ్రీలకు గడ్డకడితే, పాలు దాదాపు మైనస్ 0.54 డిగ్రీలకు గడ్డకడతాయి. నీళ్లు కలిపితే ఆ అంకె 0 వైపు జరుగుతుంది.

మీ పాలలో నీళ్లున్నాయని కేంద్రంలో అంటే గొడవ పడకండి. కేంద్రం వారిని, మరో ఇద్దరు సాక్షులను మీ పశువుల పాక దగ్గరకు పిలిచి, వారి ఎదుటే పూర్తిగా పితికి నమూనా ఇవ్వండి. ఆ పాలను అదే పరికరంతో, అదే వేడి దగ్గర కొలవమనండి. రెండు రీడింగులు దగ్గరగా ఉంటే మీ మాట నిలబడుతుంది.

చెరకు రసానికి బ్రిక్స్ మీటరు

చేతి బ్రిక్స్ మీటరు రసంలో కరిగిన ఘన పదార్థాల శాతాన్ని చూపుతుంది. అందులో ఎక్కువ భాగం చక్కెరే. స్వచ్ఛమైన నీళ్లకు బ్రిక్స్ సున్నా. తోటలోకి వెళ్లిన ప్రతి రోజూ ముందుగా గాజు మీద రెండు మూడు చుక్కల డిస్టిల్డ్ వాటర్ వేసి, మూత మూసి, అర నిమిషం ఆగి వెలుతురు వైపు పెట్టి చూడండి. గీత సున్నా మీద లేకపోతే దాని స్క్రూ తిప్పి సరిచేయండి. నీళ్లు, రసం, పరికరం ఒకే వేడిలో ఉండాలి. ఒక్కో రసం చూశాక గాజును నీళ్లతో కడిగి తుడవాలి. లేకపోతే పాత రసం కొత్త దానికి కలుస్తుంది.

తోటలో నాలుగైదు చోట్ల నుంచి గడలు తీసుకుని, ఒక్కో గడ మొదలు రసాన్ని, కొస రసాన్ని వేర్వేరుగా చూడండి. బ్రిక్స్ 18 లేదా అంతకు మించి ఉండి, మొదలుకూ కొసకూ పెద్దగా తేడా లేకపోతే తోట పక్వానికి వచ్చినట్టు. కొసలో బాగా తక్కువ ఉంటే మరికొన్ని రోజులు ఆగండి. మీటరు రెండు పాయింట్లు ఎక్కువ చూపుతుంటే పచ్చి తోటను నరికి దిగుబడి, చక్కెర రెండూ పోగొట్టుకుంటారు.

బెల్లం పాకానికి మరిగే నీళ్లే గుర్తు

గట్టి బెల్లానికి పాకం సుమారు 118 డిగ్రీల వద్ద దించుతారు. థర్మామీటరు రెండు డిగ్రీలు తప్పు చూపితే ముద్ద గట్టిపడదు, లేదా పాకం మాడుతుంది. పాకం పెట్టే ముందు థర్మామీటరును బాగా మరుగుతున్న నీళ్లలో ఉంచి, అంకె రాసుకోండి. దానికి 18 డిగ్రీలు కలిపితే వచ్చే అంకె దగ్గర పాకం దించండి. నీళ్లలో 102 చూపితే మీ గుర్తు 120. మెట్ట ప్రాంతాలకూ ఇదే మంచి పద్ధతి. ఎత్తు సుమారు 300 మీటర్లు పెరిగితే నీళ్లు ఒక డిగ్రీ తక్కువకే మరుగుతాయి. మదనపల్లె లాంటి చోట 98 డిగ్రీలకు కాస్త అటూ ఇటుగా మరుగుతాయి, పాకం కూడా అంతే తక్కువ వేడికి సిద్ధమవుతుంది. మరిగే నీళ్ల నుంచి లెక్క కడితే పరికరం తేడా, ఎత్తు తేడా రెండూ ఒకేసారి సర్దుకుంటాయి.

జ్వరం చూసే థర్మామీటరు దీనికి వాడవద్దు, పగిలిపోతుంది. పాల వేడి చూసే థర్మామీటరును మాత్రం నలగ్గొట్టిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో పెట్టి చూడండి. 0 చూపాలి.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి

• వారానికొకసారి లాక్టోమీటరును, వాడే ప్రతి రోజూ బ్రిక్స్ మీటరును, ప్రతి వంటకు ముందు థర్మామీటరును నీళ్లతో సరిచూడండి.
• డిస్టిల్డ్ వాటర్ సీసా మూత బిగించి ఉంచండి. అదే నీళ్లను మళ్లీ మళ్లీ వాడవద్దు.
• పరీక్షించిన తేదీ, నీళ్ల వేడి, వచ్చిన రీడింగ్ ఒక నోటు పుస్తకంలో రాయండి.
• పాల రసీదు మీద వెన్న, ఎస్ఎన్ఎఫ్ రెండూ ఉన్నాయో లేదో రోజూ చూసుకోండి. ఒక్కసారిగా తగ్గితే ముందు పాల వేడి, తర్వాత పరికరం, ఆ తర్వాత మేత చూడండి.
• పాల కేంద్రంలో లాక్టోమీటరును అందరి ముందు నీళ్లలో పెట్టి చూపమని సభ్యులంతా కలిసి అడగండి. ఒక్కరు అడిగితే అనుమానంలా ఉంటుంది, పదిమంది అడిగితే అది కేంద్రం పద్ధతి అవుతుంది.