జింకల వేట: జనగామ చెలకల నుంచి భూపాలపల్లి అడవి దాకా

మన బడి పూర్వ విద్యార్థులు నలుగురు కూడితే, మాట ఎక్కడ మొదలైనా ఎప్పుడో ఒకప్పుడు వేట ముచ్చట మీదికి పోతుంది. తాత దగ్గర పన్నెండు బోరు తుపాకి ఉండేదని ఒకరంటారు. దోస్తులతో జీపెక్కి జింకల వెంట పడ్డ మామయ్య కథ ఇంకొకరు చెప్తారు. ఆ ముచ్చట్లలో వేటగాడి గురి ఉంటుంది, జింక పరుగు ఉంటుంది. ఆ జింక ఏ జింక, అది ఏ నేల మీద బతికింది, ఎందుకు కనిపించకుండా పోయింది అన్న మాట మాత్రం రాదు. ఏళ్ళ తరబడి సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, స్వర్ణోత్సవ సంచికలో నాకు దక్కిన చోటు దానికే వాడుకుంటాను.

ముందు పేర్లు సరిచూసుకుందాం. కొమ్ములున్న ప్రతి దాన్నీ మనం జింక అనేస్తాం. కాని వీటిలో రెండు తెగలున్నాయి. దుప్పి, కణుజు కొమ్ములు కొమ్మలు వేస్తాయి, రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక, చింకారా, కొండగొర్రె, మనుబోతు కొమ్ములు కొమ్మలు వేయవు, రాలవు. మగ కొండగొర్రెకైతే కొమ్ములు నాలుగు. 2014లో తెలంగాణ రాష్ట్ర జంతువుగా ఎంచుకున్నది మొదటి తెగకు చెందిన మచ్చల దుప్పిని. రెండో తెగకు చెందిన కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఈ వ్యాసం రెండో తెగ గురించి.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి గాని, మన తరానికి అవన్నీ వరంగల్ జిల్లాయే. పడమటి నుంచి తూర్పుకు పోతుంటే నేల మారుతుంది. జనగామ వైపు మెట్ట చెలకలు, రాతి గుట్టలు, గడ్డి బీళ్ళు. మానుకోట దాటి పాకాల వైపు మళ్ళితే చెలకా అడవీ కలగలిసి ఉంటాయి. భూపాలపల్లి నుంచి గోదావరి దాకా టేకు అడవి. నేలను బట్టే జంతువు. కృష్ణజింకకు దూరం కనిపించే బయలు కావాలి, చిక్కటి అడవిలోకి అది పోదు. కొండగొర్రెకు చెట్ల చాటు, దగ్గరలో నీళ్ళు కావాలి. మనుబోతు పలచని అడవిలోనూ, పొదల బీడులోనూ మెసలుతుంది.

నిజాం కాలంలో పెద్దవేట అంటే పులివేట. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు అందులో పెద్ద పేరు. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి లార్డ్ కర్జన్ మన నెక్కొండలోనే వేట విడిది వేశాడు. లాలా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రాల వల్ల ఆ విడిది చరిత్రకెక్కింది. జింకల వేటకు అంత హంగు అక్కర్లేదు. గడీ దొరలు, అధికారులు, వాళ్ళ అతిథులు పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవారు. పొదలు కొట్టి జంతువును తుపాకి ముందుకు తోలేవాళ్ళు హాకావాళ్ళు. ఊరి పేదలు దొరకూ అధికారికీ చేయవలసి వచ్చిన చాకిరి లెక్కలో ఈ తోలుడు కూడా ఒకటని మా పెద్దలు చెప్పేవారు. వేట ఒకరిది, వెట్టి ఒకరిది.

అడవి వైపు కథ వేరు. గోదావరి పొడుగునా కోయ పల్లెల్లో విత్తనాలు చల్లే ముందు భూమి పండుగ వస్తుంది. ఆ రోజుల్లో మగవాళ్ళంతా కలిసి వేటకు పోవడం ఆచారం. వట్టి చేతులతో వచ్చినవాళ్ళను ఆడవాళ్ళు ఆటపట్టిస్తారు. దొరికిన మాంసంలో అందరికీ పాలుంటాయి. ఇక్కడ వేటకు కాలాన్ని నిర్ణయించింది విత్తనం, సర్కారు కాగితం కాదు.

కాగితం మీద వేట కాలం వేరే దారిలో వచ్చింది. 1912లో బ్రిటిష్ ఇండియాలో అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం వచ్చింది. ఏడాదిలో ఫలానా నెలలు ఫలానా జంతువును చంపరాదని ప్రకటించే అధికారం దానివల్ల ప్రభుత్వాలకు దక్కింది. మిగిలిన నెలలే వేట కాలం. నిజాం రాజ్యానికి ఆ చట్టం వర్తించలేదు. ఇక్కడ అటవీ చట్టం ఉండేది, కాని దాని చూపు రిజర్వు అడవి మీద. అడవి హద్దు బయట, చెలకల్లో తిరిగే కృష్ణజింక దాని చూపుకు ఆనలేదు. 1950ల తొలినాళ్ళలో పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలైనప్పుడూ అంతే. అడవి జంతువుకు గొడుగు దొరికింది, జనగామ బయళ్ళకు దొరకలేదు.

ఈ మధ్యలోనే వేట తుపాకి మరో చరిత్రలోకి నడిచింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక, తెలంగాణ రైతాంగ పోరాటం ఆయుధం పట్టింది. గడీల నుంచి సంఘాలు గుంజుకున్న తుపాకుల్లో భర్మార్లూ ఉన్నాయి. జింకల మీదికి ఎక్కుపెట్టిన తుపాకులు దొరల మీదికే తిరిగాయి.

పోరాటం ముగిశాక వేట దొరల చేతి నుంచి జారి స్నేహితుల సరదా అయింది. ఒక జీపు, రెండు తుపాకులు, నలుగురైదుగురు మిత్రులు, ఒక టార్చి లైటు. రాత్రిపూట వెలుగు కళ్ళలో పడితే జింక నిలబడిపోతుంది. ఇది కట్టుకథ కాదనడానికి చట్టమే సాక్ష్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 17వ సెక్షన్ వద్దన్నవి చూడండి: బండి మీద నుంచి వేటాడరాదు, పొద్దుగూకాక వేటాడరాదు, లైటు వేసి వేటాడరాదు, నీటి గుంట దగ్గర మాటువేయరాదు. జరుగుతున్నదాన్నే చట్టం వద్దంటుంది.

ఆ చట్టానికి 1972 సెప్టెంబరు 9న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అప్పట్లో వన్యప్రాణులు రాష్ట్రాల జాబితాలోని విషయం. అందుకని 11 రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి పార్లమెంటును చట్టం చేయమన్నాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయినా వేట అప్పుడే ఆగలేదు. అరుదైనవి పోను మిగతా జంతువులకు లైసెన్సులూ వేట కాలమూ కాగితం మీద కొనసాగాయి. 1991 సవరణతో ఆ లైసెన్సుల అధ్యాయమే పోయింది. సరదా వేటకు దేశంలో ఇక ఏ నెలా లేదు. కృష్ణజింక, చింకారా, కొండగొర్రె నేడు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు.

మరి ముప్పై ఏళ్ళు దాటాక కూడా జనగామ చెలకల్లో కృష్ణజింకల మంద ఎందుకు కనిపించదు? తుపాకి ఒక్కటే కారణమైతే, తుపాకి దిగాక తిరిగి రావాలి కదా. నా జవాబు ఇది: చట్టం జింకను కాపాడింది, జింక నిలిచే నేలను కాపాడలేదు. మోటబావి పోయి బోరు వచ్చింది, జొన్న పోయి పత్తి వచ్చింది, దేవాదుల నీళ్ళొచ్చాయి. బీడుగా వదిలే ఎకరం లేదు. భూపాలపల్లిలో బొగ్గు గనులు, చెల్పూరులో విద్యుత్ కేంద్రం లేచాయి. వీటిలో దేన్నీ తప్పు పట్టను. కరువు చూసిన రైతుకు నీళ్ళు రావడం కన్నా మంచి ఏముంటుంది? కాని మనం పొందినదానికి వెల ఎవరు కట్టారో తెలిసి ఉండాలి. దీనికి మరో ముఖం నారాయణపేట జిల్లాలో కృష్ణానది ఒడ్డున ఉంది. అక్కడ కృష్ణజింకలు మిగిలాయి, మందలుగా పడి పైరు మేస్తున్నాయని రైతులు మొత్తుకుంటున్నారు. బీడు లేనిచోట జింకకు మిగిలేది పొలమే.

మిత్రులకు రెండు మనవులు. పాత ఇళ్ళలో గోడకు కొమ్ములు వేలాడుతుంటే వాటికి యాజమాన్య పత్రం ఉందో లేదో చూసుకోండి. 2003లో కేంద్రం అలాంటి వస్తువులు ప్రకటించుకోవడానికి 180 రోజుల గడువిచ్చింది. వాటిని అమ్మడం నేరం, వారసత్వంగా తప్ప ఇంకొకరికి ఇవ్వడమూ కుదరదు. రెండోది మన ఉపాధ్యాయులకు. ఊళ్ళో ఎనభై దాటిన పెద్దల దగ్గరికి పిల్లల్ని పంపించండి. ఏ చెలకలో ఏ జంతువును చివరిసారి ఎప్పుడు చూశారో అడిగి, ఊరి పేరుతో, చెలక పేరుతో రాయించండి. ఆ పెద్దలు ఉన్నంతకాలమే ఆ పని సాగుతుంది.