రక్షణ ఉత్తర్వులు – మూలవాసీ న్యాయస్థానాలు: అమెరికా అనుభవం

గృహహింసకు గురైన స్త్రీ జోలికి వెళ్లరాదని న్యాయస్థానం ఇచ్చే ఆదేశమే రక్షణ ఉత్తర్వు. ఉల్లంఘించినవారిని శిక్షించగలిగితేనే దానికి విలువ. అమెరికా మూలవాసీ తెగలకు సొంత న్యాయస్థానాలు ఉన్నా, మూలవాసులు కానివారిపై వాటికి క్రిమినల్ విచారణాధికారం లేదని 1978లో ఓలిఫాంట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెగల రక్షణ ఉత్తర్వులను అన్ని రాష్ట్రాలూ అమలుచేయాలని 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం ఆదేశించింది. అయినా మూలవాసి కాని భర్త ఉత్తర్వును ధిక్కరిస్తే, తెగ న్యాయస్థానం అతనికి జైలుశిక్ష వేయలేకపోయేది. 2013లో చట్టాన్ని పునరుద్ధరించినప్పుడు గృహహింస, ఉత్తర్వుల ఉల్లంఘన కేసుల్లో ఆ అధికారాన్ని షరతులతో తెగలకు ఇచ్చారు. 2014లో పాస్క్వా యాకీ, టులాలిప్, యుమటిల్లా తెగలు దీన్ని మొదటగా వినియోగించాయి. అయితే అదే ఇంట్లో పిల్లలపై జరిగే హింస 2022లో గాని ఈ పరిధిలోకి రాలేదు. ఉత్తర్వును గుర్తించడం వేరు, దాన్ని అమలుచేసే అధికారం ఇవ్వడం వేరు అని విద్యార్థులు గమనించాలి.