పిలక నాట్లు (కమలాపురం ప్రాంతం)

పిలక నాట్లు అంటే విత్తనంతో పనిలేకుండా, తల్లిమొక్క నుంచి పిలకలు, కొమ్ములు లేదా దుంపలను విడదీసి కొత్త తోట వేసే పద్ధతి. కడప జిల్లాలో పాపాఘ్ని నది పెన్నలో కలిసే కమలాపురం పరిసరాల్లోను, పులివెందుల, ప్రొద్దుటూరు వైపునా అరటి, పసుపు, పూల తోటలకు ఇదే ఆధారం.

కాలనిర్ణయం కార్తెలను బట్టి జరుగుతుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13-14 రోజులు ఒక కార్తె, ఏడాదికి 27. జూన్ 8 ప్రాంతంలో ప్రవేశించే మృగశిరతో నాట్ల అదను మొదలవుతుంది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మి.మీ. మాత్రమే కావడంతో తొలకరి ఆలస్యమైతే బోరు నీరే దిక్కు.

అదను తప్పితే వెంటనే తెలిసిపోయే పంట చామంతి. పగటి నిడివి తగ్గితేనే ఇది మొగ్గ తొడుగుతుంది. పూత ముగిశాక ఫిబ్రవరి, మార్చి నుంచి వచ్చే పిలకలను వేరుచేసి నారుమడిలో కాపాడి, జూన్-జూలైలో 30 సెం.మీ. ఎడంతో నాటుతారు. నాలుగు వారాలకు తలలు తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. ఆలస్యంగా నాటిన మొక్క గుబురు కట్టకముందే పూతకు వచ్చి దిగుబడి పడిపోతుంది.

అరటిలో సన్నని ఆకులున్న సూది పిలకలనే ఎంచుతారు. వెడల్పాటి ఆకుల నీటి పిలకలు పనికిరావు. పులివెందుల ప్రాంతంలో టిష్యూకల్చర్ మొక్కలు వచ్చాక పిలకల వాడకం తగ్గింది. కొమ్ములతో నాటే పసుపులో దీర్ఘకాలిక రకమైన మైదుకూరు పసుపు సుమారు 9 నెలల పంట. లిల్లీ దుంపలను రెండు మూడేళ్లకోసారి తవ్వి విడదీస్తారు.