వ్యాక్సిన్‌లో ఆవు ఎక్కడిది?

లాటిన్‌లో వాక్కా అంటే ఆవు. వ్యాక్సిన్ అన్న మాట అక్కణ్ణుంచే వచ్చిందని చాలామందికి తెలుసు. కానీ ఆ ఆవు జరిగిన సంగతిని చెప్పేది కాదు, నిరూపించాల్సిన ఒక వాదన అని నేనంటాను. పాలు పితికేవాళ్ల చేతులకు అంటుకునే పొక్కుల జబ్బుకు ఇంగ్లండు పల్లెల్లో కౌపాక్స్ అన్న పేరు ఎప్పటినుంచో ఉంది. 1798లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడు దాన్ని తన పుస్తకం పేరులోనే 'వేరియోలే వాక్కినే' అన్నాడు. వేరియోలా వైద్యులు మశూచికి వాడే మాట. దాన్ని ఆవు పొదుగు మీది పొక్కులకు తగిలించడంతో రెండు జబ్బులకూ చుట్టరికం కుదిరిపోయింది. అప్పటికి అతని దగ్గరున్న ముఖ్యమైన రుజువు 1796 మే 14 నాటిది. సారా నెల్మ్స్ అనే పాలమ్మాయి చేతి పొక్కులోంచి రసి తీసి, జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడి చేతికి గాటు పెట్టి ఎక్కించాడు. జూలైలో మశూచి రసే ఎక్కించి చూశాడు. పిల్లవాడికి జబ్బు రాలేదు.

విచిత్రమేమిటంటే, జబ్బు మూలం ఆవని జెన్నరే నమ్మలేదు. గుర్రాల మడమల దగ్గర లేచే పుండ్లే మూలమనీ, వాటికి కట్లు కట్టిన చేతులతోనే పాలు పితకడం వల్ల ఆవులకు సోకిందనీ రాశాడు. దీన్ని అప్పట్లో చాలామంది కొట్టిపారేశారు. 1939లో అలన్ డౌనీ అనే శాస్త్రవేత్త, మశూచి టీకాలో వాడే వైరసూ కౌపాక్స్ వైరసూ ఒకటి కావని చూపాడు. 1902 నాటి ఒక అమెరికా టీకా జన్యువులను చదివి 2017లో ప్రకటించిన ఫలితంలో దానికి దగ్గరి చుట్టం గుర్రపు మశూచే.

పేరులో ఏముంది, పని జరిగితే చాలదా అనవచ్చు. పేరు పని చేసింది, చెడ్డగా కూడా. 1802లో గిల్‌రే గీసిన వ్యంగ్యచిత్రంలో టీకా వేయించుకున్నవాళ్ల ఒంటినిండా ఆవులు మొలుస్తాయి. పోనీ, తర్వాత టీకారసిని దూడల చర్మం మీదే పెంచారు కదా, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ అలాగే చేశారు కదా అంటే, నిజమే. కానీ అది పేరు పెట్టాక చాలాకాలానికి దొరికిన సమర్థన. 1881లో లండన్‌లో పాశ్చర్, జెన్నర్ గౌరవార్థం ఆ మాటను అన్ని జబ్బుల టీకాలకూ వర్తింపజేద్దామన్నాడు. అతను చేసిన వాటిలో ఒకటి కోళ్ల కలరాకు. మశూచి టీకా వైరస్‌ను ఇప్పటికీ వ్యాక్సీనియా అనే అంటారు. అది మొదట ఏ జంతువులో పుట్టిందో మాత్రం ఇంకా తేలలేదు.